పెద్దకూర ఉడికిన వాడ

సోలాపూరు తెలుగువాళ్ల చరిత్ర ఎవరు రాసినా మగ్గంతోనే మొదలుపెడతారు. కరీంనగరం నుంచి, వరంగల్లు నుంచి, నల్లగొండ, పాలమూరు పల్లెల నుంచి పద్మశాలీలు భుజాన మూటలతో బయలుదేరటం, 1860లో ఈ ఊరికి రైలు రావటం, 1877లో మనం ఇప్పటికీ ‘జూనీ మిల్లు’ అని పిలుచుకునే మొదటి బట్టల మిల్లు నడవటం, తర్వాత లక్ష్మీ, విష్ణు, నర్సింగ్‌గిర్జీ, జామ్ మిల్లులు లేవటం, అటుపైన మార్కండేయ దేవాలయం, నారళీ పున్నమి నాటి రథోత్సవం, మన బడులు, మన సంఘాలు. ఈ వరస మనకు కంఠతా వచ్చు. సంఘాల ప్రత్యేక సంచికల్లో అదే ఉంటుంది, సభల్లో మాట్లాడేవాళ్లూ అదే చెబుతారు. తప్పు లేదు, అదంతా నిజమే. తిండి సంగతి వస్తే మాత్రం మన రచయితలకు శెంగ చెట్ని, కడక్ భాక్రీ తప్ప మరేమీ గుర్తుకు రావు. నేను ఈ ఊళ్లో పుట్టి పెరిగిన పద్మశాలి ఇంటివాణ్ని. మగ్గం కథ చాలాసార్లు చెప్పుకున్నాం కనుక ఈసారి ఒక కుండ కథ చెబుతాను. ఆ కుండ మా వాడలోది కాదు, మా వాడకు ఆనుకున్న వాడలోది. అందులో ఉడికేది పెద్దకూర.

మాట తెలియని పాఠకులు ఉంటారు. కోస్తా నుంచి బొంబాయికో మద్రాసుకో వెళ్లి స్థిరపడ్డవాళ్లకు ఇది కొత్తగా ఉండవచ్చు. తెలంగాణ పల్లెల్లో యాటమాంసం చిన్నకూర, ఎద్దు, ఆవు, దున్న, బర్రె మాంసం పెద్దకూర. దక్కనీ ఉర్దూలో ‘ఛోటే కా’, ‘బడే కా’ అని ఇదే జోడీ ఉంది. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారో నేను తేల్చలేను గాని, రెండు భాషలూ జంతువు పేరు ఎత్తకుండా పని జరుపుకుంటున్నాయన్నది గమనించదగ్గ విషయం. సోలాపూరులో ఈ రెండు మాటలూ పక్కపక్కన బతికాయి. మన తెలుగు అవ్వ ‘పెద్దకూర’ అంటే, పక్క సందులో మోమిన్ ఇంటి ఆవిడ ‘బడే కా గోష్’ అనేది.

పద్మశాలీలు ఒక్కరే వచ్చారని అనుకోవటం మన చరిత్రల్లో ఒక పెద్ద ఖాళీ. ఒక పల్లె కదిలితే పల్లెలోని పనులన్నీ దాని వెంట కొంతవరకు కదులుతాయి. ఇళ్లల్లో తెలుగు పలుకుతూ, కాగితాల మీద ‘మోచీ’ అని రాయించుకునే కుటుంబాలు సోలాపూరులో ఎన్నో ఉన్నాయి. వాళ్లు తమ మూలపురుషుడుగా జాంబమునిని కొలుస్తారు. తెలంగాణలో మాదిగలు చెప్పుకునే జాంబవంతుడే ఆయన. చెప్పు కుట్టటం, తోలు పని, తర్వాత మిల్లు పని, పురపాలక సంఘంలో పని, ఇలా వాళ్ల బతుకు సాగింది. ఇంకా మాల కుటుంబాలు, మరాఠీ మాట్లాడే మహార్లు, మాంగులు, నేతపనివాళ్లలోనే మోమిన్లు. 1947లో పుణె గోఖలే సంస్థ ఆర్. జి. కాకడే చేత సోలాపూరు నేతకులాల స్థితిగతుల మీద ఒక సర్వే గ్రంథం వేయించింది. నేతగాళ్ల మీద అంత శ్రద్ధ పెట్టిన కాలంలో, నేతకు పనిముట్లు అందించినవాళ్ల మీద అలాంటి పుస్తకం ఉంటే ఈ వ్యాసం నాకు ఇంకా సులువయ్యేది.

పనిముట్లు అన్నాను కనుక అక్కడ కాసేపు ఆగుతాను. మరమగ్గం ఎలా నడుస్తుందో మన పాఠకుల్లో చాలామందికి చేతితో తెలుసు. నాడెను ఈ కొస నుంచి ఆ కొసకు కొట్టే ముక్కను పికర్ అంటాం. నిమిషానికి నూటికి పైగా దెబ్బలు దాని మీద పడతాయి. కర్ర చీలిపోతుంది, ఇనుము నాడె మొనను తినేస్తుంది. అందుకని పాత మగ్గాలకు బర్రెతోలు పికర్లు వాడేవారు. పచ్చితోలు మడతలు పెట్టి, అదిమి, ఆరబెట్టి, నెలల తరబడి నూనెలో నానబెట్టి గట్టిపరచిన ముక్క అది. పికర్‌ను లాగే పట్టీ తోలు. మిల్లులో పైకప్పు కింద తిరిగే పొడుగాటి ఇరుసు నుంచి ఒక్కొక్క మగ్గానికి ఊపు తెచ్చే పట్టా తోలు. ప్లాస్టిక్ పికర్లు, విడి మోటార్లు వచ్చింది చాలా తర్వాత. అంటే సోలాపూరు చద్దరు పేరు దేశమంతా మోగిన కాలంలో ఆ మోతలో సగం బర్రెతోలుదే.

తోలుతో కథ ఆగదు. పడుగు దారం మగ్గం మీద తెగకుండా ఉండాలంటే గంజి పెట్టాలి. ఇంటి మగ్గానికి జొన్న గంజో బియ్యపు గంజో చాలేది. మిల్లులో వేల గజాల పడుగు ఒక్కసారిగా గంజి తొట్టిలోంచి పోవాలి. ఒట్టి గంజి పెడితే దారం ఎండి పెళుసుబారుతుంది. అది మెత్తగా వంగేందుకు గంజిలో కొవ్వు కలిపేవారు. మిల్లుల భాషలో దాన్ని టాలో అనేవారు. మేక కొవ్వు కావచ్చు, గొడ్డు కొవ్వు కావచ్చు, పీపాల్లో వచ్చేది. ఆవిరి గొట్టం పెట్టి తొట్టిలో పిండి, కొవ్వు, తెల్లమట్టి కలిపి గంటల తరబడి ఉడికించేవారు. సైజింగు ఖాతాలో పనిచేసిన మా పెద్దల ఒంటి నుంచి ఆ వాసన స్నానం చేసినా పోయేది కాదు. 1857లో తూటాలకు పూసిన కొవ్వు మీద సిపాయిలు తిరగబడ్డారని బడిలో చదువుకున్నాం. 1983లో వనస్పతిలో ఆవుకొవ్వు కలిసిందని దేశమంతటా పెద్ద గొడవ జరిగింది, కొవ్వు దిగుమతిని ప్రభుత్వం ఆపేసింది. మిల్లు ధోవతికి పెట్టిన గంజిలో ఏ కొవ్వు ఉందని మాత్రం మా ఇళ్లల్లో ఎవరూ అడగగా నేను వినలేదు. ఆ ధోవతి కట్టుకునే దేవుడి ముందు కూర్చున్నారు.

అంటే ఆ జంతువు మా వాడలోకి తోలై వచ్చింది, కొవ్వై వచ్చింది, సరేసు బంకై వచ్చింది. మాంసంగా మాత్రం సందు దాటలేదు. ఎందుకు దాటలేదో చెప్పే ముందు, సందుకు ఆవల అది ఎలా ఉడికిందో చూద్దాం. నాకు ఈ వివరం చెప్పింది బీడీలు చుట్టి బతికిన ఒక మోచీ ఇంటి ముసలమ్మ. నేను ఆమెను అవ్వా అనేవాణ్ని, ఆమె నన్ను బిడ్డా అనేది. ఇప్పుడు ఆమె లేదు.

పెద్దకూరకు మొదటి సూత్రం ఏమంటే, పేదవాడికి దొరికేది లేత మాంసం కాదు. ఖిలారీ ఎద్దు పది పన్నెండేళ్లు నాగలి లాగి, బండి లాగి, ఇక లేవలేనప్పుడు కసాయి దాకా వస్తుంది. దాని మెడ కాడి మోసిన మెడ. పిక్కల్లో నరాలు, పొరలు, జిగురు నిండి ఉంటాయి. ఇలాంటి ముక్కను పెంక మీద వేయిస్తే చెప్పు అట్టలాగా అవుతుంది. సన్నటి సెగ మీద నీళ్లలో గంటల తరబడి ఉంచితే ఆ జిగురు పొరే కరిగి రసం చిక్కబడుతుంది, ముక్క వేళ్లతో విడిపోతుంది. శాస్త్రం తెలిసినవాళ్లు దీన్ని కొల్లాజెన్ జిలాటిన్‌గా మారటం అంటారు. దానికి మరుగుతున్న నీటి వేడి కూడా అక్కర్లేదు, డెబ్బై ఎనభై డిగ్రీల వేడి చాలాసేపు ఉంటే చాలు. అవ్వ దాన్ని తన మాటలో చెప్పింది: “మంట ఎక్కువైతె కూర గట్టివడ్తది బిడ్డా. నీళ్లు కుతకుత అనొద్దు, గుసగుస అనాలె.”

గుసగుసమనే మంటకు ఈ ఊళ్లో ఒక సాధనం ఉండేది. రంపపు పొట్టు పొయ్యి. ఖాళీ డబ్బాకు కింద బొక్క చేసి, నడుమ ఒక గుండ్రటి కర్ర నిలబెట్టి, చుట్టూ కర్రపొట్టును గట్టిగా దట్టించి, కర్రను మెల్లగా లాగేస్తే నడుమ సొరంగం మిగులుతుంది. కింద నుంచి నిప్పు పెడితే పొట్టు లోపలి నుంచి బయటికి నిదానంగా కాలుతుంది. దట్టించటం వచ్చినవాళ్ల పొయ్యి మూడు నాలుగు గంటలు తిరిగి చూడకుండా నడుస్తుంది. కర్రల అడితి దగ్గర పొట్టు చవకగా దొరికేది. మిల్లుకో కారఖానాకో పోయే మగవాడు, ఇంట్లో చాటలో ఆకు పెట్టుకుని వెయ్యి బీడీల లెక్క పూర్తి చేయవలసిన ఆడది, మధ్యలో కండెలు చుట్టే పిల్లలు. ఇలాంటి ఇంట్లో పొయ్యి దగ్గర ఎవరూ కూర్చోలేరు. పొయ్యి తన పని తాను చేసుకోవాలి. ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, అప్పుడప్పుడు మూత కేసి చూస్తే సరిపోయేది. పెద్దకూర చేసే కష్టమంతా ముందూ వెనకా ఉంటుంది, నడుమంతా కాలమే వండుతుంది.

ముందటి పని ఇది. మెడ, పిక్క, కాస్త రొమ్ము కొవ్వు, తప్పకుండా రెండు మూలుగ బొక్కలు. కిలోన్నర అయితే ఆరుగురు తినే ఇంటికి రెండు పూటలు. కడిగి, పసుపు, దంచిన అల్లం, ఎల్లిగడ్డ పట్టించి, నూనె వేయకుండానే కుండలో వేసి మూత పెట్టాలి. మాంసం తన నీళ్లు తానే వదులుతుంది. ఆ ఊట ఇంకిపోయేదాకా ఉంచి, అప్పుడు వేడినీళ్లు పోయాలి. చన్నీళ్లు పోస్తే ఆమె ఒప్పుకునేది కాదు. పైకి తేలిన నురుగు గరిటెతో తీసేసి మూత మీద ఒక చెంబు నీళ్లు పెట్టాలి. కుండలో నీళ్లు తగ్గితే ఆ వేడి చెంబు నీళ్లే పోస్తారు. ఉప్పు సగం ఉడికాక. మరీ ముసలి మాంసమైతే పచ్చి బొప్పాయి ముక్క ఒకటి. బొప్పాయి పాలలో మాంసాన్ని మెత్తపరచే గుణం ఉంది, ఎక్కువైతే ముక్క పిండై పోతుంది.

వెనకటి పని మసాలా. ఉల్లిగడ్డలు పొట్టుతో సహా నిప్పుల్లో కాల్చాలి. కొబ్బరి కుడుకను మంట మీద నల్లబడేదాకా కాల్చాలి. ధనియాలు, నువ్వులు, కాసిన్ని గసాలు, దగడ్‌ఫూల్ వేయించి అన్నీ బండ మీద నూరాలి. ఇంతవరకు తెలంగాణ నుంచి మోసుకొచ్చినదీ, ఇక్కడిదీ కలగలిసింది. తర్వాత వచ్చేది అచ్చంగా ఈ నేలది. దాని పేరు యేసూర్. జొన్నలు, సజ్జలు, గోధుమలు, శనగపప్పు, మసాలా దినుసులు వేయించి పట్టించిన పిండి. సోలాపూరు, బార్శీ, మరాఠ్వాడా ఇళ్లల్లో ఏడాదికి సరిపడా డబ్బాల్లో ఉంటుంది. దాన్ని నీళ్లలో కలిపి చివర్లో కుండలో పోస్తే పలచటి రసా చిక్కబడి గింజల కమ్మదనం వస్తుంది. మాంసం తక్కువ, మనుషులు ఎక్కువ ఉన్న ఇంటికి ఇది దేవుడిచ్చిన ఉపాయం. ఇంకా తక్కువైతే శనగపప్పు వేస్తారు, సొరకాయ వేస్తారు, వానాకాలంలో పుంటికూర వేస్తారు. పుంటికూర వేసిన రోజు మాత్రం ఇల్లంతా పాలమూరే అయ్యేదని అవ్వ చెప్పేది.

తినేది జొన్నరొట్టెతో. ఈ జిల్లాలోని మొహోళ్ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన మాల్దండి జొన్న దక్కను అంతటా పేరు పొందింది. ఆ రొట్టెను తుంచి గిన్నెలో వేసి, పైన రసా పోసి, వేళ్లతో పిసికి, నడుమ ముక్క పెట్టుకుని తింటారు. మూలుగ బొక్క ఇంటి పెద్దకో, పసిపిల్ల తల్లికో. ఎవరికి అన్న తగాదా ప్రతి ఇంట్లోనూ ఉండేదట.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. ఇదే మసాలా, ఇదే కాల్చిన కుడుక, ఇదే యేసూర్ మా పద్మశాలి ఇళ్లలో పోచమ్మ పండుగకు యాటకూరలో పడేవి. బొక్కల చారు మేమూ కాచుకున్నాం. రుచిలో తేడా ఉంది గాని పద్ధతిలో లేదు. మేం శాకాహారులం అన్నట్టు ఇప్పుడు కొందరు రాస్తున్న రాతలు చదివితే నాకు నవ్వొస్తుంది. జంధ్యం వేసుకున్నంత మాత్రాన తాతలు తిన్న తలకాయ కూర అబద్ధమవుతుందా?

మిగిలిన మాంసాన్ని పొడుగ్గా చీరి, ఉప్పు పసుపు రాసి, తాడు మీద ఎండబెడితే అవి తునకలు. మరాఠీలో చాన్యా అంటారు. పని దొరకని వానాకాలానికి అదే నిల్వ. ధారాశివ్ ప్రాంతం నుంచి వచ్చిన శాహు పాటోళే 2015లో ‘అన్న హే అపూర్ణ బ్రహ్మ’ అనే మరాఠీ పుస్తకంలో మహార్, మాంగ్ ఇళ్ల వంటలన్నీ వరసగా రాశాడు. అన్నం పూర్ణబ్రహ్మం అన్న పెద్దల మాటలో ఎవరి అన్నం లెక్కలోకి రాలేదో ఆ పేరే చెబుతుంది. అంతకుముందు 2009లో పుణె విశ్వవిద్యాలయం స్త్రీ అధ్యయన కేంద్రం కూడా దళితుల తిండి జ్ఞాపకాల మీద ఒక పుస్తకం తెచ్చింది. మనకు పక్క జిల్లాలో, పక్క భాషలో ఈ పని జరిగింది. సోలాపూరు తెలుగులో ఇంకా జరగలేదు.

పెద్దకూర లాంటి వంట ప్రపంచంలో ఎక్కడ చూసినా పేదవాడిదే. హంగరీలో గూయాష్ అంటే పశువుల కాపరి. పచ్చిక మైదానాల్లో కాపర్లు ఇనప కడాయిలో ఉడికించుకున్న గొడ్డుమాంసపు పులుసుకు ఆ పేరు వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివర ఆస్ట్రియా చక్రవర్తి పెత్తనానికి ఎదురు నిలిచిన హంగరీ దొరలు మా భాష, మా దుస్తులు, మా వంట అంటూ కాపరి కూరను తమ బల్లల మీదికి తెచ్చుకున్నారు. ఈనాడు అది ఆ దేశపు గుర్తు. మనం కూడా పరాయి రాష్ట్రంలో మా భాష, మా పండుగ అంటూ నూరేళ్లుగా నిలబడ్డవాళ్లమే. అయినా మన గుర్తుల పట్టికలోకి కాపరి కుండ రాలేదు. హంగరీ దొరకు ఆ కుండ అంటరానిది కాదు, అదే తేడా.

ఆ అంటరానితనం ఎక్కడ పుట్టిందో చెప్పే కథ కూడా ఒక కుండ కథే. తెలంగాణలో డక్కలివాళ్లు, చిందువాళ్లు మాదిగలకు జాంబపురాణం చెబుతారు. దానికి పాఠాలు చాలా ఉన్నాయి, పేర్లు మారుతుంటాయి. 1909లో థర్స్టన్ అచ్చువేసిన కులాల గ్రంథంలోనూ ఒక పాఠం ఉంది. సారం ఇది. దేవతలకు పాలిచ్చే కామధేనువు చనిపోయింది. దాని మాంసాన్ని పెద్ద కుండలో ఉడికిస్తున్నారు. చిన్నయ్య అనే పిల్లవాడు దగ్గరున్నాడు. కుండ పొంగి ఒక ముక్క ఎగిరి నేలమీద పడింది. చిన్నయ్య దాన్ని తీసి, అంటిన దుమ్మును ఉఫ్ అని ఊది, తిరిగి కుండలో వేశాడు. అతని ఊపిరి సోకిందని దేవతలు మాంసం ముట్టలేదు, శాపం పెట్టారు.

చిన్నప్పుడు విన్నప్పుడు నాకు ఆ కథ ఆవును తిన్న పాపం కథగా చెప్పారు. చదివి చూస్తే అలా లేదు. ఆవు చనిపోయింది, దేవతలు ఆకలితో ఆ కుండ చుట్టూ కాచుకుని ఉన్నారు. వాళ్లకు మాంసం మీద అభ్యంతరం లేదు. తినేదాన్ని శుభ్రం చేద్దామని ఒక పిల్లవాడు ఊదిన ఊపిరి మీదే అభ్యంతరం. మా సందు సంగతి నాకు ఇక్కడే అర్థమైంది. పికర్‌లోని తోలు, గంజిలోని కొవ్వు ఎవరి చేతి మీదుగా వచ్చాయో మిల్లు గేటు మరుగుపరచింది. కుండ అలా మరుగుపడదు. దానికి మూత తీసే చెయ్యి ఉంటుంది, ఊదే నోరు ఉంటుంది. మా ఇళ్లవాళ్లు దూరం పెట్టింది ఆ చేతినీ ఆ నోటినీ. ఎద్దు పేరు సాకు.

మరొక ముచ్చట. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు బొమ్మల పటం విప్పుతూ కథ చెబుతారు. జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లకూ అలాంటి పటమే ఉంటుంది. రెండూ గీసింది చేర్యాల నకాషీ కళాకారులే. అదే గుడ్డ, అదే చింతగింజల జిగురు, అదే ఎర్ర నేపథ్యం. ఒక పటంలో భావనారుషి పులినెక్కి వస్తాడు, ఇంకొక పటంలో కుండ పొంగుతుంది. రెండు పటాలూ ఒక ఇంట్లోనే తడి ఆరాయి, వాటి ముందు కూర్చున్నవాళ్లు మాత్రం వేర్వేరు వాడల్లో కూర్చున్నారు.

ఆ వాడలో అందరూ పెద్దకూరను ఒకేలా చూశారని చెప్పటం కూడా సరికాదు. 1927 మార్చిలో మహాడ్ సభలో అంబేడ్కర్ చచ్చిన పశువు మాంసం మానేయమని పిలుపిచ్చారు. ఆ పిలుపు సోలాపూరు దాకా వచ్చింది. చచ్చిన గొడ్డును లాగటం, దాని మాంసం తినటం బానిసత్వపు గుర్తు అని వదిలేసిన ఇళ్లున్నాయి. కసాయి దగ్గర డబ్బిచ్చి కొన్నది వేరు, ఊరు విదిల్చింది వేరు అని గీత గీసుకున్న ఇళ్లున్నాయి. 1948లో ‘ది అన్‌టచబుల్స్’ అనే పుస్తకంలో ఆయనే, ఒకప్పుడు అందరూ గోమాంసం తిన్నారనీ, మానేసినవాళ్లు మాననివాళ్లను అంటరానివాళ్లను చేశారనీ వాదించారు. అవ్వ ఇంట్లో అంబేడ్కర్ పటం ఉండేది, పొయ్యి మీద కుండా ఉండేది. ఆ రెంటికీ పొసగదని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. “కొనుక్కొని తింటున్న, ఒకని గడపల చెయ్యి చాపలె” అనేది.

ఇక చట్టం. మహారాష్ట్రలో ఆవును, దూడను వధించరాదన్న చట్టం 1976లో చేశారు, 1978 నుంచి అమలైంది. ఎద్దుకు, గిత్తకు అధికారి ధ్రువపత్రం ఉంటే అనుమతి ఉండేది. వాటినీ నిషేధిస్తూ 1995లో శాసనసభ సవరణ చేసింది. అది ఢిల్లీలో దాదాపు ఇరవై ఏళ్లు పడి ఉండి, 2015లో రాష్ట్రపతి ఆమోదం పొంది, మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. వధకు అయిదేళ్ల వరకు జైలు, పదివేల జరిమానా. ఇంట్లో మాంసం ఉండటమే నేరం అన్నారు. 2016 మేలో బొంబాయి హైకోర్టు నిషేధాన్ని నిలబెట్టింది గాని, బయటి రాష్ట్రంలో వధించిన మాంసం దగ్గర ఉంచుకోవటం నేరమన్న భాగాన్ని కొట్టేసింది. ఎవరి వంటింట్లో ఏముందో తొంగిచూసే హక్కు రాజ్యానికి లేదన్నది ఆ తీర్పులో ముఖ్యమైన మాట. బర్రె, దున్న మీద నిషేధం లేదు. కాబట్టి ఈనాడు సోలాపూరులో పెద్దకూర అంటే బర్రెమాంసమే. ముక్క ముదురు రంగు, కొవ్వు తెల్లన, ఉడకటానికి ఇంకాస్త సేపు. వండేవాళ్లు దానికి సర్దుకున్నారు. సర్దుకోలేకపోయింది భయానికి. సంచిలో ఏముందని దారిలో ఎవరైనా అడిగితే ఏ పశువో రుజువు చేయవలసింది సంచి మోసేవాడే. నాకు తెలిసిన ఒకతను మాంసం కొన్న రోజున పైన కూరగాయలు పరచి తెచ్చుకుంటాడు. రైతు నష్టం వేరే. పని అయిపోయిన ఎద్దుకు సంతలో వచ్చే నాలుగు రూపాయలతోనే చిన్న రైతు మళ్లీ కోడెను కొనేవాడు. ఆ దారి మూసుకుపోయింది.

మిల్లులూ మూతపడ్డాయి. జూనీ మిల్లు 1963లోనే ఆగింది, తక్కినవి ఒక్కొక్కటే. రంపపు పొట్టు పొయ్యి పోయి గ్యాసు, కుక్కరు వచ్చాయి. మూడు గంటల పని ముప్పావుగంటకు దిగింది. కుక్కరు కూర మెత్తగా ఉంటుంది గాని రసా విడిగా, ముక్క విడిగా ఉంటాయని పాతవాళ్ల ఫిర్యాదు. నేనూ ఒప్పుకుంటాను. మందమైన గిన్నెలో సన్నటి సెగమీద చేస్తే ఇప్పటికీ ఆ చిక్కదనం వస్తుంది, కానీ సిలిండరు ధర చూసుకోవాలి.

వాడలు కూడా కదులుతున్నాయి. కుంభారి దగ్గర బీడీ కార్మిక స్త్రీలకు గోదూతాయి పరుళేకర్ పేరు మీద పదివేల ఇళ్లు కట్టారు. నరసయ్య ఆడం చాలా ఏళ్లు దాని కోసం పోరాడాడు. ఆ తర్వాత అక్కడే రే నగర్‌లో ముప్పైవేల ఇళ్ల పథకం వచ్చింది. 2024 జనవరి 19న ప్రధానమంత్రి మొదటి పదిహేనువేల ఇళ్లు అప్పగించారు. పాత ఊళ్లో వాడకూ వాడకూ నడుమ సందు ఉండేది. ఇక్కడ గోడకు గోడ ఆనుకుని ఉంది. మగ్గం వాళ్లు, తోలు వాళ్లు, మోమిన్లు, మహార్లు పక్కపక్క తలుపుల వాళ్లయ్యారు. కుక్కరు ఈల వేస్తే ఏం ఉడుకుతోందో పక్కింటికి తెలుస్తుంది. కొందరు కిటికీ మూసుకుంటారు. మా బంధువుల్లో ఒకావిడ, పక్కింటివాళ్లు పంపిన జొన్నరొట్టెలు పుచ్చుకుని, వాటితో పాటు వచ్చిన గిన్నె మూత తీయకుండానే తిప్పి పంపింది. వారం తర్వాత అదే ఇంటికి పచ్చడి పట్టుకెళ్లి, కూర్చుని, చాయ్ తాగి వచ్చింది. గిన్నె ఊసు ఇద్దరూ ఎత్తలేదు.

ఎండాకాలం వచ్చిందంటే అక్కడి పిండిగిర్నీల ముందు యేసూర్ డబ్బాల వరస కనిపిస్తుంది. వేయించిన జొన్న, సజ్జ, శనగపప్పు వాసన వీధి మొదటికే తగులుతుంది. ముందటి డబ్బా పిండి కొంత రాతిలో మిగిలి, వెనకటి డబ్బాలో పడుతుంది. ఒకరి పిండి ఇంకొకరి ఇంటికి పోతూనే ఉంటుంది. గిర్నీవాడు కారం ఉన్నదీ లేనిదీ మాత్రం అడిగి, కారం ఉన్నవాటిని చివరికి ఉంచుతాడు.